సాక్ష్యం చెప్పే వృత్తి: జీవౌషధ పరిశ్రమలో ధ్రువీకరణ

విద్యార్థులలో చాలామందికి ఔషధ పరిశ్రమ అనగానే రెండు వృత్తులు మాత్రమే స్ఫురిస్తాయి. ఒకటి ప్రయోగశాలలో క్రొత్త మందును కనుగొనే శాస్త్రజ్ఞునిది. రెండవది సంచి చేతబట్టుకొని వైద్యుల వద్దకు తిరిగే ప్రతినిధిది. ఈ రెండింటికి నడుమ, లోకానికి అంతగా కనిపించని మరొక వృత్తి ఉన్నది. కర్మాగారంలోని ప్రతి యంత్రమూ, ప్రతి గదీ, ప్రతి పద్ధతీ తాను చేయవలసిన పనిని నిజంగా చేస్తున్నదా అని పరీక్షించి, చేస్తున్నదని ఆధారాలతో వ్రాసి నిరూపించడమే ఆ వృత్తి. దీనిని ఇంగ్లీషులో వాలిడేషన్ అంటారు. తెలుగులో ధ్రువీకరణ అనవచ్చు.

భాషను బోధించేవాడు ఈ విషయం ఎత్తుకొనడమేమిటని కొందరు అనుకొనవచ్చు. దానికి కారణం ఉన్నది. ఈ వృత్తిలో సగం పని యంత్రాల వద్ద, సగం పని కాగితం మీద జరుగుతుంది. చూచినదానిని చూచినట్లు, సందిగ్ధానికి తావు లేకుండా వ్రాయగలగడం ఇందులో ప్రధానమైన అర్హత. ఆ మేరకు ఇది భాషకు సంబంధించిన విషయం కూడా.

పదము, దాని భావము

ఉర్దూలో తస్దీఖ్ అనే మాట మన విద్యార్థులకు పరిచితమే. అది సత్యమనే అర్థం గల సిద్ఖ్ అనే అరబీ మాటకు బంధువు. ఒక విషయం నిజమేనని సాక్ష్యంతో స్థిరపరచడం తస్దీఖ్. తెలుగువారు నిత్యం వాడుకొనే దాఖలా, దస్తావేజు, తనిఖీ అనే మాటలు కూడా అరబీ, ఫారసీ భాషల నుండి మనకు వచ్చినవే. తనిఖీ వేరు, ధ్రువీకరణ వేరు అన్నది ఇక్కడ గమనించాలి. తయారైన వస్తువును పరిశీలించడం తనిఖీ. వస్తువును తయారుచేసే పద్ధతి ప్రతిసారీ అదే ఫలితాన్ని ఇస్తుందని ముందుగానే నిరూపించడం ధ్రువీకరణ. ఒక కుండను మ్రోగించి చూచి కొనడం మొదటిది. కుమ్మరి ఆవము ఏ మూలనైనా సమానంగా కాలుతున్నదా అని తేల్చుకొనడం రెండవది.

చివరి పరీక్ష ఒక్కటే చాలదా?

తయారైన మందును పరీక్షించి, బాగుంటేనే విడుదల చేస్తే సరిపోదా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. చిన్న లెక్కతో ఆ సందేహం తీరుతుంది.

సూది ద్వారా ఎక్కించే మందు సీసాలలో నూటికి ఒకటి చొప్పున సూక్ష్మజీవులతో కలుషితమైనదనుకొందాము. వాటిలో నుండి 20 సీసాలు తీసి పరీక్షించాము. పరీక్షించిన సీసా మరల రోగికి పనికిరాదు కనుక అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం. ఒక్కొక్క సీసా నిర్దోషంగా ఉండే అవకాశం 0.99. ఇరవై సీసాలూ నిర్దోషంగా కనిపించే అవకాశం 0.99ను ఇరవైసార్లు హెచ్చవేయగా వచ్చే సంఖ్య, అనగా సుమారు 0.82. నూటికి ఎనభై రెండు సార్లు ఆ కలుషితమైన సరుకు పరీక్షలో నెగ్గి బయటికి పోతుందన్నమాట. లక్ష సీసాల సరుకులో వేయి సీసాలు దోషయుక్తమై ఉండగా, మన చేతిలో మాత్రం “పరీక్షలో ఉత్తీర్ణము” అనే పత్రం ఉంటుంది.

పరీక్ష అబద్ధం చెప్పలేదు. పరీక్షించిన ఇరవై సీసాల గురించి అది నిజమే చెప్పింది. మిగిలిన వాటి గురించి చెప్పే శక్తి దానికి లేదు. ఆ శక్తి తయారీ పద్ధతికే ఉండాలి. ధ్రువీకరణ శాస్త్రమంతా ఈ ఒక్క సూత్రం నుండి పుట్టింది.

చరిత్ర నేర్పిన రెండు పాఠాలు

1955 ఏప్రిల్‌లో అమెరికాలో జోనాస్ సాల్క్ రూపొందించిన పోలియో టీకా ఫలప్రదమైనదని ప్రకటించారు. వెంటనే పలు సంస్థలు దానిని తయారుచేసి విడుదల చేశాయి. పోలియో వైరస్‌ను ఫార్మాల్డిహైడ్‌తో నిర్జీవం చేసి ఆ టీకాను తయారుచేస్తారు. కాలిఫోర్నియాలోని కట్టర్ లేబొరేటరీస్ తయారుచేసిన టీకాలో కొంత వైరస్ సజీవంగా మిగిలిపోయింది. టీకా వేసుకొన్న పిల్లలలోనూ, వారి ద్వారా వ్యాధి సోకిన వారిలోనూ కలిపి వందకు పైగా వ్యక్తులు పక్షవాతానికి గురైనారు. పదిమంది మరణించారు. ద్రవంలో గడ్డలుగా పేరుకొన్న పదార్థం చాటున వైరస్ దాగి, రసాయనం నుండి తప్పించుకొనగలిగింది. సురక్షితత్వ పరీక్షలు ఆ కొద్దిపాటి సజీవ వైరస్‌ను పట్టుకొనలేకపోయాయి. విఫలమైన బ్యాచ్‌ల వివరాలను ప్రభుత్వానికి తెలుపవలసిన నిబంధన అప్పట్లో లేకపోవడం గమనార్హం. నెగ్గిన బ్యాచ్‌ల పత్రాలు మాత్రమే అధికారుల బల్ల మీదికి చేరేవి. పద్ధతి నిలకడగా లేదన్న సంగతిని చెప్పగలిగినవి విఫలమైన బ్యాచ్‌లే. వాటి మాట వినేవారు లేకపోయారు.

రెండవది ఇంగ్లండులో జరిగినది. 1972 మార్చిలో ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రి విభాగంలో డెక్స్ట్రోజ్ ద్రావణం ఎక్కించిన రోగుల పరిస్థితి విషమించింది. ఐదు మరణాలకు ఆ ద్రావణంతో సంబంధమున్నదని భావించారు. క్లోథియర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం అదే సంవత్సరం విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. 1971 ఏప్రిల్‌లో ఆ సీసాలను ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో శుద్ధి చేసినపుడు లోపలి గాలి పూర్తిగా బయటికి పోలేదు. క్రింది వరుసలలో గాలి నిలిచిపోయి, అక్కడి సీసాలకు చాలినంత వేడి తగలలేదు. ఇందులో మనలను ఆలోచింపజేసే అంశం ఒకటున్నది. ఉష్ణోగ్రతను నమోదుచేసే పరికరం వేడి చాలలేదని చూపుతూనే ఉన్నది. ఆ పరికరమే చెడిపోయి ఉంటుందని భావించి, పనివారు వేరొక కొలమానాన్ని నమ్మారు. నమూనాల పరీక్షలోనూ దోషం బయటపడలేదు.

మన తల్లులు, అక్కలు వంటింట్లో ప్రెషర్ కుక్కర్ వాడే తీరు గుర్తుచేసుకొంటే ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. ఆవిరి ధారగా వచ్చిన తరువాతనే వారు వెయిట్ పెడతారు. లోపలి గాలి పోనిదే వేడి సక్రమంగా అందదు. ఆవిరిలో గాలి కలిస్తే ఒత్తిడి సరిగానే కనిపించినా ఉష్ణోగ్రత తగ్గుతుంది.

ఆ తగ్గుదల ఎంత ప్రమాదకరమో చూడండి. 121 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిమిషానికి నూటికి తొంభై చొప్పున చచ్చే సూక్ష్మజీవుల బీజాలు ఒక సీసాలో పది లక్షలు ఉన్నాయనుకొందాము. ఒక నిమిషానికి లక్ష, రెండు నిమిషాలకు పదివేలు, ఆరు నిమిషాలకు ఒక్కటి మిగులుతుంది. పన్నెండు నిమిషాలకు, ఒక్క బీజమైనా మిగిలే అవకాశం పది లక్షలలో ఒక వంతుకు తగ్గుతుంది. శుద్ధి చేసిన మందుకు సాధారణంగా కోరే ప్రమాణం ఇదే. అయితే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే చంపే వేగం పదవ వంతుకు పడిపోతుందని లెక్క. 111 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఉంచడం, 121 డిగ్రీల వద్ద ఒకటిన్నర నిమిషం ఉంచడంతో సమానం. అప్పుడు ఆ సీసాలో ముప్పై వేలకు పైగా బీజాలు బ్రతికే ఉంటాయి. గడియారం ప్రకారం పదిహేను నిమిషాలు గడిచాయి. పని మాత్రం జరుగలేదు.

ఇటువంటి అనుభవాల నేపథ్యంలో 1970ల నడుమ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అధికారులు టెడ్ బయర్స్, బడ్ లాఫ్టస్ తయారీ పద్ధతినే ధ్రువీకరించాలన్న భావనను ముందుకు తెచ్చారు. 1987లో ఆ సంస్థ దీనిపై మార్గదర్శక పత్రం వెలువరించింది. 2011లో దానిని సవరించి, పద్ధతిని రూపొందించే దశ, అర్హత నిర్ణయించే దశ, నిరంతరం గమనించే దశ అని మూడు అంచెలుగా విభజించింది. మన దేశంలో 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎం కూడా ధ్రువీకరణను తప్పనిసరి బాధ్యతగా నిలుపుతున్నది.

పని జరిగే క్రమము

ఒక క్రొత్త ఆటోక్లేవ్ కర్మాగారానికి వచ్చిందనుకొందాము. ధ్రువీకరణ నిపుణుడు ముందుగా ప్రోటోకాల్ వ్రాస్తాడు. ఏమి పరీక్షించాలి, ఎట్లా పరీక్షించాలి, ఏ ఫలితం వస్తే అంగీకరించాలి అన్నవి అందులో ఉంటాయి. ఫలితం చూచిన తరువాత హద్దులు గీయరాదు. ముందుగా గీచి, పై అధికారుల సంతకాలు పొందిన తరువాతనే పరీక్షకు దిగాలి.

తరువాతి పని మూడు మెట్లుగా సాగుతుంది. కోరిన యంత్రమే వచ్చిందా, గొట్టాలు, తీగలు, కొలమానాలు పటంలో ఉన్నట్లే అమర్చారా అని చూడటం మొదటి మెట్టు. దీనిని ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్ అంటారు. యంత్రం తన హద్దులన్నింటిలోనూ సరిగా నడుస్తున్నదా, తలుపు సరిగా మూయనపుడు ఆగుతున్నదా, హెచ్చరిక గంట మ్రోగుతున్నదా అని చూడటం రెండవ మెట్టు. ఇది ఆపరేషనల్ క్వాలిఫికేషన్. నిజమైన సరుకుతో, నిజమైన పనివారితో ఆశించిన ఫలితాన్ని మరల మరల ఇస్తున్నదా అని చూడటం మూడవ మెట్టు. దానిని పెర్ఫార్మెన్స్ క్వాలిఫికేషన్ అంటారు.

ఆటోక్లేవ్ విషయంలో థర్మోకపుల్ అనే సన్నని ఉష్ణమాపక తీగలను పలుచోట్ల అమరుస్తారు. ఖాళీ గదిలో వేడి ఎట్లా పరచుకొంటున్నదో ముందు చూస్తారు. సరుకు నింపిన తరువాత సీసాల లోపలికి వేడి ఎట్లా చొచ్చుకొనిపోతున్నదో చూస్తారు. అన్నింటికంటె ఆలస్యంగా వేడెక్కే తావును వెదకి పట్టుకొనడమే ఇక్కడి కీలకం. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే, వేడికి బాగా తట్టుకొనే సూక్ష్మజీవి బీజాలు పది లక్షలు గల సూచికలను ఆ కఠినమైన తావులలో ఉంచుతారు. అవి చచ్చాయని తేలాలి. సాధారణంగా వరుసగా మూడుసార్లు ఈ ఫలితం రావాలని కోరుతారు. వాడిన తీగలు సరిగా కొలుస్తున్నాయా అన్నది పరీక్షకు ముందు, తరువాత కూడా సరిచూడాలి. సాక్షి నమ్మదగినవాడా అని తేల్చుకొనకుండా సాక్ష్యం తీసుకొనరాదు గదా!

జీవౌషధాల ప్రత్యేకత

రసాయనాలతో చేసే మాత్రలకు, జీవకణాలతో చేసే మందులకు గొప్ప భేదమున్నది. టీకాలు, ఇన్సులిన్ వంటివి ఈస్ట్, బాక్టీరియా, జంతుకణాలు మున్నగు వాటిలో పెరుగుతాయి. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్, జన్యుమార్పిడి చేసిన బాక్టీరియా నుండి తీసినదే. వీటిలో చాలావాటిని చివరలో మరిగించి శుద్ధి చేయడం కుదరదు. వేడికి ప్రోటీన్లు చెడిపోతాయి. కావున మొదటి నుండి చివరి వరకు ఎక్కడా సూక్ష్మజీవి చొరబడకుండా కాపాడుకొనవలసి ఉంటుంది.

సీసాలు నింపే చోట గాలి ఎంత శుభ్రంగా ఉండాలంటే, ఘనమీటరు గాలిలో అర మైక్రానుకు మించిన రేణువులు 3,520 దాటరాదు. అక్కడి పద్ధతిని పరీక్షించే తీరు విచిత్రమైనది. మందుకు బదులు సూక్ష్మజీవులు ఇష్టంగా పెరిగే పోషక ద్రవాన్ని సీసాలలో నింపుతారు. నింపేటపుడు పనివారు మారడం, యంత్రం మొరాయించడం, పడిపోయిన సీసాను తీయడం వంటి నిత్య సంఘటనలన్నీ కావాలని జరిపిస్తారు. ఆ సీసాలను 14 రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. ఒక్క సీసా కూడా మసకబారరాదన్నదే లక్ష్యం. ఇక్కడ పరీక్షకు నిలిచేది యంత్రమే కాదు, మనిషి చేయి, అతని అలవాట్లు కూడా.

సూదిమందులకు వాడే నీటి సంగతి మరొకటి. అందులో సేంద్రియ కర్బనం ఇరవై లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. బాక్టీరియాను చంపినంత మాత్రాన కూడా చాలదు. చచ్చిన కొన్నింటి పైపొర నుండి వచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థం రక్తంలో చేరితే జ్వరం, వణుకు కలుగుతాయి. కనుక దానినీ కొలవాలి. ఎండాకాలపు నీరు వేరు, వానాకాలపు నీరు వేరు. అందువలన నీటి వ్యవస్థను కొన్ని వారాలు నిత్యం పరీక్షించిన పిమ్మట, ఋతువులన్నీ తిరిగివచ్చే విధంగా ఏడాది పొడవునా గమనించాలి.

ఒక మందు తీసిన పాత్రలో మరొక మందు తయారుచేసేటపుడు మునుపటిది మిగలలేదని నిరూపించే ధ్రువీకరణ ఒకటున్నది. టీకాలను దాచే చల్లని గదిలో ప్రతి మూలా 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉన్నదా, తలుపు తెరచినపుడు, కరెంటు పోయినపుడు ఎంతసేపు నిలుస్తున్నది అని చూచే ధ్రువీకరణ ఇంకొకటున్నది. హెపటైటిస్-బి టీకా వేడికే గాక గడ్డకట్టినా చెడిపోతుంది. ఎక్కువ చల్లదనం ఎక్కువ భద్రత అనుకొనడం ఇక్కడ పొరపాటు.

వ్రాతకు గల విలువ

ఈ వృత్తిలో ప్రసిద్ధమైన నియమమొకటున్నది: వ్రాయనిది జరుగనట్లే. ఎవరు చేశారో తెలియాలి. చదవడానికి వీలుగా ఉండాలి. పని జరిగిన క్షణంలోనే వ్రాయాలి. మొదటి వ్రాతనే భద్రపరచాలి. ఉన్నది ఉన్నట్లు ఉండాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి, మునుపటి అంకె కనిపించేటట్లు ఉంచి, సరైనది వ్రాసి, కారణం, తేదీ, సంతకం పెట్టాలి. చెరిపివేయరాదు, తెల్ల రంగు పూయరాదు. కంప్యూటర్లలోనూ ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో తెలిపే జాడ నిలిచి ఉండాలి.

అర్ధరాత్రి రెండు గంటలకు మూడవ పరీక్ష జరుగుతుండగా ఒక్క తీగ అర డిగ్రీ తక్కువ చూపిందనుకొందాము. ఉదయం పై అధికారులు వస్తారు. సరుకు గడువు దగ్గరపడింది. ఆ ఒక్క అంకెను సవరిస్తే ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ ఉద్యోగి చేయవలసినది, ఆ లోపాన్ని లోపంగా నమోదుచేసి, కారణం వెదకి, అవసరమైతే పరీక్షలన్నీ మొదటి నుండి జరిపించడం. దీనికి తెలివి కంటె ధైర్యం ఎక్కువ కావాలి. “పరికరమే చెడి ఉంటుంది” అన్న మాట 1971లో ఎంత పని చేసిందో పైన చూచాము. పరికరం చెడిందనుకొంటే అదీ నిరూపించాలి. విఫలమైన పరీక్షను దాచని వాని నివేదికలోనే ఉత్తీర్ణమైన పరీక్షకు విలువ ఉంటుంది.

మన ప్రాంతము, మన విద్యార్థులు

హైదరాబాదు ఈ రంగానికి క్రొత్తది కాదు. బయొలాజికల్ ఇ సంస్థ 1953లో ఇక్కడ ప్రారంభమైనది. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే మొదటి జన్యుమార్పిడి హెపటైటిస్-బి టీకాను వెలువరించింది. 1999లో జినోమ్ వ్యాలీ ఏర్పడినది. భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకా 2015లో వచ్చింది. ఐక్యరాజ్యసమితి సంస్థలు టీకాలు కొనాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత అవసరం. ఆ తనిఖీకి వచ్చేవారు అడిగే వాటిలో ధ్రువీకరణ దస్తావేజులు ముఖ్యమైనవి. ఇక్కడ ఒకరు చేసిన సంతకం మీద ఎక్కడో పేరు తెలియని ఊరిలో ఒక తల్లి తన బిడ్డ చేయి చాపుతుంది.

ఈ ఉద్యోగాలకు ఫార్మసీ, సూక్ష్మజీవ శాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం, రసాయన శాస్త్రం చదివినవారూ, కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్లూ వెళ్లవచ్చు. వైద్యవిద్యలో సీటు రాలేదని కుంగిపోయే మన విద్యార్థినులు, విద్యార్థులు ఈ దారిని తెలుసుకొనడం మేలు. అయితే కష్టాలను దాచరాదు. రాత్రి విధులుంటాయి. గంటల తరబడి ముఖం కప్పే దుస్తులలో నిలబడాలి. ఒకే పరీక్షను విసుగు లేకుండా పలుమార్లు చేయాలి. ఉత్పత్తి విభాగం వారికి మీరు అడ్డుపడేవారుగా కనిపిస్తారు. కీర్తి తక్కువ. పని సవ్యంగా జరిగినపుడు ఏమీ జరుగదు, ఏమీ జరుగకపోవడమే మీ విజయం.

ప్రియ విద్యార్థులారా! ఈ వృత్తికి శిక్షణ ఉద్యోగంలో చేరిన నాడు మొదలుకాదు, మీ ప్రాక్టికల్ రికార్డులో మొదలవుతుంది. రావలసిన విలువ ముందుగా తెలుసుకొని, బ్యూరెట్ రీడింగులను వెనుక నుండి లెక్కగట్టి వ్రాసే అలవాటు మన కళాశాలలలో కొత్తది కాదు. దానివలన రెండు మార్కులు రావచ్చు. కాని కొలిచినదానిని కొలిచినట్లు వ్రాసే గుణం పోతుంది. పుస్తకం 24 అని, మీ కంటికి 26 అని కనిపిస్తే 26 అని వ్రాయండి. ఎందువలన తేడా వచ్చిందో ఆలోచించి రెండు వాక్యాలు క్రింద చేర్చండి. ఆ రెండు వాక్యాలే మీ చదువు.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు. ప్రయోగశాలలోని త్రాసులను, ఉష్ణమాపకాలను ఏటా సరిచూపించి, ఆ వివరాల పుస్తకాన్ని విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. ప్రాక్టికల్ తరగతులలో సరైన జవాబుతో పాటు నిజాయితీగా వ్రాసిన తప్పు జవాబుకు, దాని వివరణకు మార్కులు కేటాయించాలి. చూచినదానిని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో స్పష్టంగా వ్రాసే అభ్యాసం వారానికి ఒక గంటైనా విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు కల్పించాలి. ఆ చివరి పనికి భాషా శాఖల వారము సిద్ధంగా ఉన్నాము.